చెరువు గట్టు మీద ఆదివారం: పిల్లల ప్రకృతి క్లబ్బు గురించి పాఠకుల ప్రశ్నలు

పిల్లల్ని ఆరుబయట తిప్పే ప్రకృతి క్లబ్బుల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో అయిదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా వీధిలో 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు 14 మంది ఉన్నారు. సెలవొస్తే ఫోన్లు వదలరు. క్లబ్బు పెడదామని నలుగురు తల్లిదండ్రులం అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? (టెక్కలి)

జవాబు: ముందు చోటు చూసుకోండి. పేరూ, బ్యానరూ, టీషర్టులూ తర్వాత. పిల్లలు 20 నిమిషాల్లో నడిచి చేరగలిగే చెరువు గట్టో, గెడ్డ ఒడ్డో, జీడితోటో ఒక్కటి చాలు. ఏడాదంతా అక్కడికే వెళ్లండి. వారానికో కొత్త చోటు చూపించాలన్న తాపత్రయంతోనే చాలా క్లబ్బులు మూడు నెలల్లో ఆగిపోతాయి. కొత్త చోటంటే ఆటో కావాలి, ఆటో అంటే డబ్బు, డబ్బంటే ప్రతిసారీ ఇంట్లో అడగాలి. పైగా ఒకే చెట్టుని జూన్‌లో, అక్టోబర్‌లో, ఫిబ్రవరిలో చూస్తేనే ఆకు రాలడమేమిటో, పూత రావడమేమిటో పిల్లకి తెలుస్తుంది.

రోజు మార్చకండి. నెలలో రెండో, నాలుగో ఆదివారాలని పెట్టుకుంటే ఎవరూ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా 5:45కి బయల్దేరి 7:45కల్లా ఇంటికి రావాలి. చలికాలంలో 6:30 నుంచి 8:30.

ఆరుగురు పిల్లలకి ఒక పెద్ద ఉండాలి. జట్టు ఎంత చిన్నదైనా ఇద్దరు పెద్దలు తప్పనిసరి. మీ 14 మందికి ముగ్గురు కావాలి: ఒకరు ముందు, ఒకరు మధ్యలో, ఒకరు చివర. చివర నడిచే మనిషి కంటే వెనక ఏ పిల్లా ఉండకూడదు. బయల్దేరేముందు, చేరాక, తిరుగు నడకకి ముందు, వీధిలోకి వచ్చాక తలలు లెక్కపెట్టండి. ఒక్కొక్కరి గురించి అరఠావు కాయితం రాయించుకోండి. పేరు, వయసు, ఇంటి ఫోను, ఆయాసం లేదా ఫిట్స్ ఉన్నాయా, ఏదైనా పడదా, ఈత వచ్చా, కింద అమ్మ లేదా నాన్న సంతకం. ఆ కాయితాలు ఇంట్లో బీరువాలో పెడితే లాభం లేదు, నడకలో సంచీలోనే ఉండాలి.

ముందురోజు సాయంత్రం ఒకరు వెళ్లి దారంతా చూసి రావాలి. గాజుపెంకులు, తెగి వేలాడే కరెంటు తీగ, కొత్తగా పట్టిన తేనెపట్టు రాత్రికి రాత్రి మాయమైపోవు.

ప్రశ్న: చెట్ల పేర్లు చెబుతుంటే మా పిల్లలు పది నిమిషాలకే విసుగెత్తిపోతున్నారు. నడకతో ఒంటికి వ్యాయామం కూడా పెద్దగా అవుతున్నట్టు లేదు. (విజయనగరం)

జవాబు: పేర్లు చెప్పడం ఆపి చేతికి పనివ్వండి. టీ వడపోసే స్టీలు జాలీని నాలుగడుగుల వెదురు గెడకి బైండింగు తీగతో బిగించండి. తెల్ల ప్లాస్టిక్ టబ్బులో రెండంగుళాల చెరువు నీళ్లు పోయండి. టబ్బు తెల్లగానే ఉండాలి, ఎందుకంటే పురుగులన్నీ బురద రంగులో ఉంటాయి. కుళాయి నీళ్లు వాడొద్దు, క్లోరిన్ వాటిని చంపుతుంది. జాలీతో అడుగున గీకితే బురదే వస్తుంది. నీటి మొక్కల కాడల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో ఆడించి టబ్బులో బోర్లించాలి.

అందులో తూనీగ పిల్ల దొరికితే ఆ రోజుకి ఇంకేమీ అక్కర్లేదు. మట్టి రంగు ఒళ్లు, ఆరు కాళ్లు, ఉబ్బిన కళ్లు, వీపు మీద మొగ్గల్లా రాబోయే రెక్కలు. గడ్డిపరకతో వెనక తాకితే కాళ్లు ఒంటికి అతికించుకుని బాణంలా దూసుకుపోతుంది. వెనక నుంచి లోపలికి పీల్చుకున్న నీటిని ఒక్కసారిగా చిమ్మడం వల్ల ఆ వేగం. కింది పెదవి మడిచిన చెయ్యిలా ముఖం కింద దాగి ఉంటుంది. దోమపిల్ల దగ్గరికొస్తే ఆ చెయ్యి చాపి లాక్కుంటుంది. అందుకే దాన్ని వేరే గిన్నెలో పెట్టాలి, లేకపోతే పక్కనున్నవాటిని తినేస్తుంది. టబ్బు నీడలో ఉంచి, 20 నిమిషాలయ్యాక అన్నిటినీ తీసినచోటే వదిలిపెట్టండి.

మీ రెండో మాట నిజమే. ఆగి ఆగి చూసే నడక వ్యాయామం కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. కాబట్టి వెళ్లే 20, వచ్చే 20 నిమిషాలు ఆగకుండా చురుగ్గా నడిపించండి. మధ్యలో 20 నిమిషాలు పరుగుల ఆట పెట్టండి. చెడుగుడు, ఏడు పెంకులు ఎలాగూ ఉన్నాయి. ‘కొంగలూ నత్తలూ’ ఆట కూడా ఆడించి చూడండి. 20 మీటర్ల దూరాన 80 చింతపిక్కలు చల్లండి, అవే నత్తలు. ఇవతల తాడుతో నాలుగు గూళ్లు చుట్టి ముగ్గురేసి, నలుగురేసి పిల్లల్ని కొంగలుగా నిలబెట్టండి. మూడు నిమిషాల్లో ఒక్కోసారి ఒక్క పిక్కే తెచ్చి గూట్లో వేయాలి. రెండో విడతకి 40 పిక్కలే చల్లండి, అది వానలు పడని ఏడు. ఎన్ని గూళ్లలో కొంగపిల్లలు బతికాయో లెక్కించమనండి, గూటికి పది పిక్కలు కావాలని ముందే చెప్పి ఉంచండి. గూళ్లు నాలుగు మూలలా పెడితే పిల్లలు ఎదురెదురుగా గుద్దుకుంటారు. అన్నీ ఒకే వరసలో ఉండాలి.

చెట్టు చుట్టుకొలత తీయడం ఇంకో మంచి పని. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తాడు చుట్టి, టేపు మీద కొలిచి రాయాలి. ఉద్దానం వైపు పిల్లలైతే 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి తమ తోటలో ఏవి పడ్డాయో, ఏవి నిలిచాయో తాతని, మామ్మని అడిగి పక్కన రాసుకోవచ్చు.

ప్రశ్న: పాములంటే, నీళ్లంటే భయంతో మా వీధి తల్లులు పంపడం లేదు. (ఆమదాలవలస)

జవాబు: ఆ భయం అకారణం కాదు. అయినా రెంటిలో ఎక్కువ భయపడాల్సింది నీటికే. ఎండాకాలంలో చెరువు గర్భంలో మట్టి తవ్విన గోతులు వానలు పడ్డాక పైకి కనిపించవు. మోకాలి లోతు నీళ్లలో ఒక్క అడుగు ముందుకేస్తే తల మునుగుతుంది. కాబట్టి నియమం ఒక్కటే: ఎవరూ దిగకూడదు, ఈత వచ్చినా సరే. జాలీ ఆడించేది ఒడ్డున, పెద్ద మనిషి పక్కనుండగా. అయిదు లీటర్ల ఖాళీ నూనె క్యానులో గ్లాసుడు నీళ్లు పోసి మూత బిగించి, పిడికి 15 మీటర్ల నైలాను తాడు కట్టి వెంట ఉంచుకోండి. మునిగేవాళ్ల కోసం దూకకుండా దీన్ని విసరాలి. నీళ్లు లేని ఖాళీ క్యాను గాలికి పక్కకి పోతుంది.

పాముల విషయంలో కాళ్లు మూసే బూట్లు, ముందు నడిచే పెద్ద చేతిలో కర్ర, తుప్పల్లోకీ పుట్టల్లోకీ చెయ్యి పెట్టకపోవడం. కాటేస్తే పిల్లని నడిపించొద్దు. కాలి పట్టీలు, వాచీ, ఉంగరం తీసేయండి. కాలికి రెండు కర్రలు ఆనించి కదలకుండా ఉంచండి. తాడు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు. నాటువైద్యుడి దగ్గర గంట పోగొట్టడం అన్నిటికంటే ప్రమాదం. 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. ఏ ఆస్పత్రిలో ఉందో క్లబ్బు మొదలుపెట్టకముందే కనుక్కుని రాసుకోండి.

ఉరుములు: మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోపు ఉరిమితే అందరూ పక్కా ఇంట్లోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. తాటిచెట్ల కింద నిలబడొద్దు.

ఇల్లు చేరగానే స్నానం, బట్టలు మార్చడం అలవాటు చేయండి. తుప్పల్లోని నల్లుల్లాంటి సన్న పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. వారం, రెండు వారాల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పక్కు కనిపిస్తే తుప్పల్లో తిరిగిన సంగతి డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: ఏడాదికొక్కసారైనా పక్షుల్ని చూపించడానికి తేలినీలాపురం తీసుకెళ్లాలని ఉంది. ఎప్పుడు, ఎలా? (పలాస)

జవాబు: ఏడాదికొకసారి తప్పకుండా వెళ్లండి. తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు సాధారణంగా వానాకాలం చివర వచ్చి వేసవి మొదట్లో వెళ్తాయి. డిసెంబర్, జనవరి నెలల్లో గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి మాత్రం చిల్లుముక్కు కొంగలు తొలకరితో వస్తాయి. రెండు ముక్కు భాగాల మధ్య సందు ఉండే ఈ కొంగలు వరిమళ్లలో నత్తల్ని తింటాయి. పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర అందరూ అంటారు గానీ ఈ మూడూ దక్షిణాసియాలో గుడ్లు పెట్టి పెరిగే పక్షులే. పిల్లలకి ఇది సరిగ్గా చెప్పండి.

గూళ్లున్న చెట్టు కింద నిలబడొద్దు. బెదిరిన తల్లి లేస్తే గుడ్డో పిల్లో కింద పడుతుంది, ఎండకి మాడుతుంది, కాకి ఎత్తుకెళ్తుంది. దూరంగా నిలబడి, 8x40 బైనాక్యులర్ ఒక్కటి వంతులవారీగా చూడనివ్వండి. చూసే పిల్ల ఏం కనిపిస్తోందో గట్టిగా కాకుండా చెబితే పక్కపిల్ల రాయాలి. అలా అయితే వంతు కోసం తోసుకోరు. పొద్దున మేతకి వెళ్లే వేళకల్లా, అంటే 7 లోపు చేరండి.

ప్రశ్న: 12 ఏళ్లు దాటాక ఆడపిల్లలు రావడం మానేస్తున్నారు. (బొబ్బిలి)

జవాబు: చాలాచోట్ల ఇదే జరుగుతోంది. పిల్లకి ఇష్టం లేకపోవడం అరుదు. మరుగుదొడ్డి లేని చోటికి రెండు గంటలు పంపడానికి ధైర్యం చాలక తల్లి ఆపేస్తుంది. గట్టుకి దగ్గర్లో ఎవరింట్లోనైనా వాడుకోనిస్తారేమో ముందే అడిగి ఆ ఇల్లు తల్లులకి చూపించండి. పెద్దల్లో కనీసం ఒక ఆడమనిషి ప్రతి ఆదివారం ఉండాలి, ఒక్క వారం కూడా తప్పకుండా. సంచీలో న్యాప్‌కిన్లు, పాత న్యూస్‌పేపరు పెట్టండి. ఆ పిల్లల్ని చిన్నపిల్లల వరసలో నిలబెట్టకుండా చుట్టుకొలతల పుస్తకం, తలల లెక్క వాళ్ల చేతికివ్వండి. లెక్క తప్పితే ఆ వారం నడక కదలదని అందరికీ తెలియనివ్వండి.