తెల్ల నారుకి యూరియా మందు కాదండీ

పద్మనాభం దగ్గర మీ నారుమడిలో పచ్చ మొక్కల మధ్య అక్కడక్కడ పాలలా తెల్లటి మొలకలు వచ్చాయని, యూరియా చల్లినా మారలేదని రాశారు. ఎరువు లోపమైతే ఆ చోట మొక్కలన్నీ పాలిపోతాయి. ఇలా పక్కపక్కనే ఒకటి తెలుపు, ఒకటి పచ్చ ఉండవు. ఇది విత్తనంలోనే వచ్చిన జన్యు లోపం.

ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితంలో మెగ్నీషియంను చేర్చే ఎంజైము, మెగ్నీషియం కీలేటేజ్‌కు మూడు భాగాలు, ఒక్కోదానికి ఒక్కో జన్యువు. వీటిలోనో, ఆ పత్రహరితం ఉండే హరితరేణువును తయారుచేసే జన్యువుల్లోనో ఏదైనా ఒకదాని రెండు ప్రతులూ చెడితే ఆకు పచ్చబడదు. ఒక ప్రతి బాగున్నా చాలు కాబట్టి తల్లి మొక్క పచ్చగానే ఉంటుంది. మీకు అనుమానం రాకపోవడం సహజమే. అలాంటి తల్లి గింజల్లో సుమారు నాలుగో వంతు తెల్లగా మొలుస్తాయి. గింజలో ఉన్న ఆహారం అయిపోగానే అవి చచ్చిపోతాయి.

యూరియా ఆపేయండి. లేత పసుపు మొక్కలేవైనా ఉంటే వాటిని మాత్రం అప్పుడే పీకకండి, కొన్ని వేడి పెరిగాక పచ్చబడతాయి.