నోటు బొమ్మతో కరపత్రం వేయొచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి బట్టల షాపు తెరుస్తున్నాం. ఒకవైపు అచ్చం 500 నోటులా, రెండోవైపు షాపు పేరు, డిస్కౌంటు వేసి కరపత్రాలు పంచుదామనుకున్నాం. ప్రెస్సు ఆయనేమో కాపీరైట్ కేసవుతుందని వేయనంటున్నాడు. నెట్‌లో చూస్తే సైజు 75 శాతం లోపు ఉంటే పర్లేదని ఉంది. ఏది నిజమండీ?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ప్రెస్సు ఆయన మీద కోపం పెట్టుకోకండి, మీకు మంచే చేశారు. కాకపోతే భయపడాల్సింది కాపీరైట్‌కి కాదు. నోటు మీదే కాపీరైట్ గుర్తు అచ్చేసుకునేది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ లాంటివి, మీరు చదివిన 75 శాతం లెక్కేమో అమెరికాది. మన చట్టంలో అలాంటి కొలతలేవీ లేవు.

మన దగ్గర ఉన్నది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 182. కరెన్సీ నోటును ఏ విధంగానైనా పోలిన కాగితం తయారుచేసినా, చేయించినా, ఏ పనికి వాడినా, ఎవరికి ఇచ్చినా నేరమే, ప్రకటన కోసమే కదా అంటే కుదరదు. జరిమానా 300 రూపాయల వరకే కాబట్టి కట్టేద్దాంలే అనుకుంటారేమో, అక్కడే ఆగండి. కరపత్రం మీద మీ షాపు పేరుంటుంది కాబట్టి అది మీరే వేయించారని ముందే అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే, ఎక్కడ అచ్చేయించారో పోలీసులకు చెప్పకపోతే 600 దాకా ఇంకో జరిమానా. పోలిక మనిషి మోసపోయేంత ఉంటే మాత్రం దొంగనోట్ల సెక్షన్ 178 దాకా వెళ్లొచ్చు, దానికి పదేళ్లు, యావజ్జీవం కూడా ఉన్నాయి. పైగా గాంధీగారి బొమ్మను కేంద్రం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చట్టం విడిగా ఉంది.

చట్టం సంగతి అలా ఉంచి ఒక్కటి ఆలోచించండి. మీ కరపత్రాన్ని సగానికి మడిస్తే నోటే కనిపిస్తుంది. సందెవేళ సంతలో కూరలమ్మే ముసలమ్మకో, రోజంతా చెట్లెక్కి దిగిన దింపు కార్మికుడికో ఎవడైనా దాన్ని చేతిలో పెట్టి పోతే ఆ 500 మళ్లీ వస్తుందా? ఆ కాగితం మీద ఉండేది మీ షాపు పేరే.

డిస్కౌంటు కూపన్‌ని కొబ్బరికాయ ఆకారంలో గుండ్రంగా కత్తిరించి వేయించండి, ధర పక్కన రూపాయి గుర్తు పెట్టుకోండి, దానికి అడ్డేమీ లేదు. పాత నమూనా ఇప్పటికే నాలుగు కాపీలు తీసి ఉంటే పంచకుండా ఈరోజే చింపేయండి.