తిమింగలాల వేట పాటలు ఓడ నుంచి ఓడకు ఎలా చేరాయి?

2021లో ఫోన్లన్నింటిలో మారుమోగిన ‘వెల్లర్‌మన్’ అనే పాటను ప్రస్తావిస్తూ, రేడియో లేని కాలంలో తిమింగలాల వేటగాళ్ల పాటలు నావికులలో ఎలా పాకాయని అడిగారు. అందరూ కలిసి పనిచేస్తూ పాడుకున్నారు కాబట్టి పాకాయని చాలామంది చెబుతారు. నన్నడిగితే, వాటిని సముద్రాలు దాటించింది పని లేని సమయమే.

నేను అమెరికాలోని కనెటికట్‌లో ఉంటాను. ఇక్కడి మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో, 1841లో న్యూ బెడ్‌ఫర్డ్‌లో కట్టగా ఎనభై ఏళ్లలో 37 సార్లు వేటకు వెళ్లివచ్చిన ‘చార్ల్స్ డబ్ల్యూ. మోర్గన్’ అనే చెక్క ఓడ ఉంది. ఒక వేసవిలో మా నాన్నగారిని తీసుకువెళ్లినప్పుడు, మ్యూజియం గాయకుడొకరు సందర్శకుల చేతికి లావుపాటి మోకు అందించి, తాను చరణం అనగానే మమ్మల్ని పల్లవి అందుకోమని, పల్లవిలో ఫలానా రెండు మాటల మీదే లాగమని చెప్పాడు. భీమిలి తీరంలో అలివి వల లాగేవాళ్ల మధ్య పెరిగిన మా నాన్నగారికి ఆ విద్య కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది. ఇంగ్లీషు మాటల జోలికి పోకుండా ‘హైలెస్సా’ అంటూ ఆయన సరిగ్గా లాగవలసిన చోటే లాగుతుంటే, గాయకుడు నవ్వి పాట నడకను ఆయనకు తగినట్టు సర్దుకున్నాడు. తిమింగలాన్ని తరిమేటప్పుడు కూడా ఇలాగే పాడేవారా అని నాన్నగారు నా చేత అడిగించారు. పాడితే ఆరుగురెక్కిన ఆ చిన్న పడవ దగ్గరకు చేరేలోపే తిమింగలం బెదిరిపోతుందని, అప్పుడు అందరూ నోరు మూసుకుని తెడ్లు వేసేవారని గాయకుడు చెప్పాడు.

నా వాదనకు మూలం ఆ సమాధానమే. తెరచాపలు ఎత్తే పాట, లంగరు లాగే పాట సరుకు ఓడల్లోనూ ఉండేవే. అసలు వేట గురించి చెప్పేవి విరామవేళల్లో ఓడ ముందుభాగపు ఇరుకు గదిలోనో, పైతట్టు మీదో కూర్చుని పాడుకున్న కథాగీతాలు. మూడు నాలుగేళ్లు సాగే ప్రయాణంలో వారాల తరబడి ఒక్క తిమింగలమూ కనబడనప్పుడు, మనుషులు అంతకుముందు పట్టిన తిమింగలాల పళ్ల మీద బొమ్మలు చెక్కారు, దినచర్యలు రాసుకున్నారు, పాటలు పాడుకున్నారు. నడిసముద్రంలో మరో వేట ఓడ ఎదురైతే రెండూ ఆగేవి. కెప్టెన్లు ఇద్దరూ ఒక ఓడలో, వారి ముఖ్య సహాయకులు రెండో ఓడలో చేరి మాట్లాడుకుంటుంటే, నావికులు ఉత్తరాలు, పాత పత్రికలు, పాటలు మార్చుకునేవారు. ‘గ్యామ్’ అని పిలిచిన ఈ కూడికకు, గడువులోగా సరుకు చేర్చవలసిన ఓడలకు తీరిక ఎక్కడిది?

దీనికి తోడు పారిపోయేవాళ్లున్నారు. జీతం బదులు లాభంలో చిన్న వాటా మాత్రమే దక్కే కొత్త నావికుడు, విసుగెత్తితే ఏ దీవిలోనో దిగిపోయి, కొన్నాళ్లకు మరో ఓడ ఎక్కేవాడు; 1846లో 400కు పైగా ఓడలు వచ్చిన హవాయిలోని లహైనా వంటి రేవులో కొత్త ఓడ దొరకడం ఎంతసేపు? ఖాళీలు నింపడానికి అట్లాంటిక్‌లోని అజోర్స్, కేప్ వెర్దీ దీవుల వాళ్లనూ, పసిఫిక్ దీవుల వాళ్లనూ ఎక్కించుకునేవారు. ఇన్నిచోట్ల మారిన మనిషి నోట పాట మారకుండా ఉండదు, అందుకే ఒకే కథలో ఓడ పేరు, సంవత్సరం పాడేవాడిని బట్టి మారుతుంటాయి.

ఇక సముద్రం పేరు వినబడిన ప్రతి పాటనూ ‘షాంటీ’ అనేయడం నాకు చిరాకు. షాంటీ అంటే పని చేస్తూ, ఆ పని లయకు పాడే పాట. మీరడిగిన ‘వెల్లర్‌మన్’ ఆ కోవలోది కాదు. 1831లో న్యూజిలాండ్‌లోని ఒటాగోలో వేట స్థావరం పెట్టిన వెల్లర్ సోదరుల సరఫరా ఓడ కోసం ఎదురుచూసే పాట అది. అది నేటివాళ్ల చేతికి వచ్చింది కూడా 1960లలో ఒక జానపద గీతాల సేకర్త ఒక పెద్దాయన దగ్గర విని రాసుకోవడం వల్లనే. ఆ తరువాత స్కాట్లండ్‌లో ఒక పోస్ట్‌మన్ తన గదిలో పాడిన వీడియో దాన్ని ప్రపంచమంతా తిప్పింది.

పాత పాటలే చూడాలనుకుంటే వేటగాళ్ల దినచర్యలు చదవండి. న్యూ బెడ్‌ఫర్డ్ మ్యూజియం స్కాన్ చేయించిన ఓడల దినచర్య పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గాలి, దిక్కు, తిమింగలం నూనె పీపాల లెక్కల నడుమ అక్కడక్కడ పాట మాటలు కనిపిస్తాయి కానీ స్వరాలు మాత్రం సాధారణంగా ఉండవు, ఎందుకంటే బాణీ అక్కడున్న అందరికీ తెలిసిందే.