గేమింగ్ కంప్యూటర్‌ను వాయిదాల మీద కొనాలా?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. మాది కరీంనగర్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు 38,000 రూపాయలు వస్తాయి. గది అద్దె, భోజనం, ప్రయాణాలు, ఇంటికి పంపే 8,000 అన్నీ కలిపి 25,000 దాకా ఖర్చవుతుంది. నెలకు 9,000 పొదుపు చేయగలుగుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 64,000 ఉన్నాయి. ఒక గేమింగ్ కంప్యూటర్ కొనుక్కోవాలని ఉంది. దుకాణం వాళ్లు ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒక టీబీ ఎస్ఎస్‌డీ, ఆర్‌జీబీ క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్’ అన్నీ కలిపి 75,000 అన్నారు. క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేని ఈఎంఐలో నెలకు 6,250 చొప్పున ఏడాది కడితే సరిపోతుందట. ఇప్పుడు వాలరెంట్, జీటీఏ 5 ఆడుతున్నాను. ముందు ముందు కొత్త గేములూ ఆడాలని ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: సొంత సంపాదనతో ఇష్టమైన వస్తువు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, కాబట్టి కొనాలా వద్దా అన్న చర్చ ఇక్కడ అనవసరం. మీరు చూసుకోవలసినవి రెండే: ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి, అది ఏ భాగాల మీదికి పోవాలి. విడి భాగాలతో కట్టుకునే కంప్యూటర్ విషయంలో ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఫోన్‌ను గానీ బండిని గానీ సగం ఈ నెల, సగం మరో నెల కొనలేము. కంప్యూటర్‌ను మాత్రం ఈ రోజు గ్రాఫిక్స్ కార్డు లేకుండా కొని, నడుపుకుంటూ, కొన్ని నెలల తర్వాత కార్డు తెచ్చి బిగించుకోవచ్చు. వస్తువే దశలవారీగా కొనడానికి వీలిస్తున్నప్పుడు బ్యాంకు ఇచ్చే వాయిదాలతో మీకు పని లేదు.

ముందు ఆ వడ్డీ లేని ఈఎంఐ సంగతి చూద్దాం. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అందువల్ల ఇప్పుడు ఈ పథకాల్లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ముందే ధరలో తగ్గించి చూపిస్తాడు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, మీరు కట్టే 75,000లో అసలు సుమారు 69,250, వడ్డీ సుమారు 5,750 అవుతుంది. క్రెడిట్ కార్డు మీద పడే వడ్డీకి 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి దాదాపు 1,035 రూపాయలు, దానిపైన ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ మీ కార్డు బిల్లులో చేరతాయి. ఇవి పెద్ద మొత్తాలు కావనిపించవచ్చు. అసలు నష్టం మరో రెండు చోట్ల ఉంది. నగదుకో యూపీఐకో దుకాణం వాడు తగ్గించే సొమ్ము మీకు రాదు. పైగా ఏ నెలలోనైనా కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బకాయి మీద ఏడాదికి 40 శాతానికి అటూ ఇటూగా వడ్డీ మొదలవుతుంది. నెలకు 9,000 మిగిలే మనిషికి 6,250 వాయిదా అంటే ఏడాది పొడుగునా చేతిలో ఆడేది 2,750 మాత్రమే.

ఖాతాలో ఉన్న 64,000తో పాటు కొంత సర్దుకుని ఒకేసారి కొనేయడం కూడా సరికాదు. మీ నెల ఖర్చు 25,000 కాబట్టి ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా మూడు నెలలు నిలదొక్కుకోవడానికి 75,000 ఉండాలి. ఇప్పుడే 11,000 తక్కువ ఉంది. నిక్కచ్చిగా చెప్పాలంటే దానిలోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. కానీ 24 ఏళ్ల వయసులో అంత కట్టడి ఎంతో కాలం నిలవదు కాబట్టి, రెండు నెలల ఖర్చుకు సరిపడే 50,000 కదపకుండా ఉంచి, 14,000 వాడుకోవడానికి నేను ఒప్పుకుంటాను. దీనికి నాలుగు నెలల పొదుపు 36,000 కలిపితే 50,000 అవుతుంది. ఇది మొదటి దశ. ఆ తర్వాతి మూడు నెలల పొదుపు 27,000 గ్రాఫిక్స్ కార్డుకు. ఏడాది వాయిదాల్లో ఇంకా ఐదు మిగిలి ఉండే సమయానికి మీ దగ్గర అప్పు లేని పూర్తి కంప్యూటర్ ఉంటుంది. ఈ పొదుపు కోసం రికరింగ్ డిపాజిట్ తెరవవద్దు. బ్యాంకుల్లో దాని కనీస గడువు ఆరు నెలలో, ఏడాదో ఉంటుంది. జీతం పడిన మర్నాడే 9,000 మరో సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకుంటే చాలు.

ఇక ఆ జాబితా. అందులో ఒక్క వస్తువుకూ మోడల్ నంబరు లేదు, నాకు అన్నిటికన్నా అనుమానం కలిగించింది అదే. ‘ఐ7’ అన్నది ఒక వరుస పేరు మాత్రమే. 2013 నాటి నాలుగో తరం ఐ7 కూడా ఐ7నే. దానికన్నా ఇటీవలి తరాల ఐ3లు మెరుగు. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా మద్దతు ఇవ్వదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసిన ప్రాసెసర్లకు రంగుల దీపాల క్యాబినెట్ తొడిగి గేమింగ్ పీసీ పేరుతో అమ్మడం కొత్తేమీ కాదు. ఒకవేళ అది కొత్త తరం ఐ7నే అయినా, దాని పక్కన 4 జీబీ కార్డు పెట్టడం లెక్క తప్పడమే. గేముల్లో వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది గ్రాఫిక్స్ కార్డు. 75,000 బడ్జెట్‌లో ఒక్క వస్తువుకే మూడో వంతుకు మించి పెట్టవలసి వస్తే అది ఆ కార్డుకే పెట్టాలి. 4 జీబీ కార్డుతో కొత్త గేములు సెట్టింగులు బాగా తగ్గిస్తే తప్ప సాఫీగా నడవవు.

మొదటి దశలో కార్డు ఉండదు కాబట్టి ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఇచ్చే సదుపాయం ఉండాలి. ఇంటెల్ మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే ఆ సదుపాయం లేదని అర్థం. కాస్త చవకని ఐ5 12400ఎఫ్ తీసుకుంటే, కార్డు కొనేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు. మీ పరిస్థితికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకుంటే దానిలోని గ్రాఫిక్స్ కొంత బలమైనవి. వాలరెంట్ హాయిగా నడుస్తుంది, జీటీఏ 5 కూడా తక్కువ సెట్టింగుల్లో ఆడుకోవచ్చు. అయితే అది కార్డుతో పీసీఐఈ (ప్రాసెసర్‌నూ కార్డునూ కలిపే మార్గం) మూడో తరం వేగంతోనే మాట్లాడుతుంది, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపల ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) కూడా మామూలు 5600లో ఉన్నదానిలో సగమే. రేపు మీరు కొనే మధ్యస్థ ధర కార్డుల్లో చాలావరకు ఆ మార్గంలో ఎనిమిది లేన్లతోనే (దారులతోనే) పని చేస్తాయి కాబట్టి ఆ పరిమితి కొన్ని గేముల్లో తెలుస్తుంది. రెండో దారి ఆరు కోర్ల ఇంటెల్ ఐ5 12400, చివర ‘ఎఫ్’ లేనిది. దానిలోని గ్రాఫిక్స్ బలహీనం. మొదటి నెలల్లో వాలరెంట్‌ను తక్కువ సెట్టింగుల్లో ఆడుకుని తృప్తి పడాలి. కానీ కార్డు వచ్చిన రోజు ఈ ప్రాసెసర్ దాని వేగానికి అడ్డు పడదు. మూడు నెలల ముచ్చట కోసం ఐదేళ్ల యంత్రానికి గిరి గీసుకోవడం ఎందుకని నేను 12400 వైపే మొగ్గుతాను. మీకు ఈ రెండు గేములే చాలు, కార్డు ఎప్పుడు కొంటారో తెలియదు అనుకుంటే మాత్రం 5600జీయే సరైనది.

ఏఎండీ కొత్త ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్‌ను బిగించే అమరిక) తీసుకుంటే రేపు ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా అని మిత్రులు అంటారు. మాట నిజమే, 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు ఇంటెల్ 14వ తరంతో దారి మూసుకుపోయింది. కానీ ఏఎం5కు డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామే కావాలి, మదర్‌బోర్డు కూడా ఖరీదే. ఐదేళ్ల తర్వాత వాడుకుంటామో లేదో తెలియని సౌకర్యానికి ఈ రోజు ముందుగా చెల్లించడం మీ జీతానికి అనవసరమని నా అభిప్రాయం.

50,000ను ఎలా పంచుకోవాలో చెబుతాను. ఇవి ధరలు కావు, మీరు దాటకూడని హద్దులు. ప్రాసెసర్, బోర్డు కలిపి 21,000. ర్యామ్, ఎస్ఎస్‌డీ కలిపి 13,000. ఎస్ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ కలిపి 7,500. మానిటర్, కీబోర్డు, మౌస్ కలిపి 8,500. వీటిలో ర్యామ్ దగ్గరే ఇబ్బంది రావచ్చు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ తయారీదారులు తమ ఉత్పత్తిని అటు మళ్లించడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వారికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. సాధారణంగా 8 జీబీ స్టిక్కులు రెండు వేసుకోవడం మంచిది, ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో ఆడేటప్పుడు ఆ తేడా మరీ స్పష్టంగా ఉంటుంది. హద్దు దాటుతుంటే ఎస్ఎస్‌డీని 500 జీబీకి తగ్గించండి. అప్పటికీ సరిపోకపోతే 8 జీబీ స్టిక్కు ఒక్కటి కొని, అదే మోడల్ రెండోది తర్వాత చేర్చండి. క్యాబినెట్‌లో రంగుల దీపాలు మానుకుంటే ఇంకొంత కలిసివస్తుంది.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం కోత పెట్టకండి. ఆ జాబితాలో దాని ప్రస్తావనే లేదు. అంటే క్యాబినెట్‌తో పాటు వచ్చే ఊరూ పేరూ లేనిదేదో బిగిస్తారన్నమాట. అది కాలిపోయేటప్పుడు బోర్డునూ కార్డునూ కూడా వెంట తీసుకుపోవచ్చు. 12400 గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 వంటి కార్డు 165 వాట్లు తీసుకుంటాయి; మిగిలినవి కలిపినా 350 లోపే. కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ గుర్తింపు (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర), ఐదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్లది ధారాళంగా సరిపోతుంది. 750 వాట్లది అంటగట్టాలని చూసినా వద్దనండి.

ధరలు పెరుగుతున్నాయి కదా, నెలకో భాగం కొని పెట్టుకుంటే పోలేదా అని మీకు తోచవచ్చు. ఆ పని చేయవద్దు. మిగతా భాగాలు లేనిదే ఒక భాగం పని చేస్తుందో లేదో చూసుకోలేరు, డబ్బా విప్పకపోయినా వారంటీ గడువు కరిగిపోతూనే ఉంటుంది. అందుకే రెండు దఫాలే పెట్టాను. మొదటి దఫా అయిన రోజే అది ఆన్ చేసి చూసుకోగల పూర్తి కంప్యూటర్ అవుతుంది. నాలుగు నెలల్లో ర్యామ్ మీద వెయ్యో రెండు వేలో పెరిగినా, అత్యవసర నిధి మొత్తం ఖాళీ చేసుకోవడం కన్నా అది చిన్న నష్టమే.

కార్డు కొనే రోజు వచ్చినప్పుడు ఏది కొనాలో ఇప్పుడే నిర్ణయించడం తొందరపాటు. ఏడు నెలల్లో కొత్తవి రావచ్చు, ధరలు మారవచ్చు. షరతులు మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోండి: 8 జీబీకి తక్కువ వద్దు, 27,000 దాటవద్దు. ఒకే పేరుతో రెండు రకాల కార్డులు అమ్ముతారని కూడా గుర్తుంచుకోండి. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరు మీద 8 జీబీది, 6 జీబీది రెండూ ఉన్నాయి. రెండోదానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లూ తక్కువే. పాత కార్డు చవకగా దొరికితే బిల్లు, మిగిలి ఉన్న వారంటీ రెండూ చూసుకుని, మీ ఎదుటే గంటసేపు గేము నడిపించాకే డబ్బివ్వండి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో (కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) కనీసం మూడు దుకాణాల్లో, ప్రతి భాగానికీ కంపెనీ, మోడల్ నంబరు, జీఎస్టీ కలిపిన ధర, వారంటీ ఏళ్లు రాయించిన కొటేషన్ తీసుకోండి. అవే మోడళ్ల ఆన్‌లైన్ ధరలు కూడా పక్కన పెట్టి చూడండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. సీరియల్ నంబర్లున్న బిల్లే మీ వారంటీకి ఆధారం. ‘విండోస్ ఫ్రీగా వేసిస్తాం’ అన్నారంటే అది దొంగ కాపీ అనుకోవాలి. అసలు లైసెన్సుకు సుమారు మరో నెల పొదుపు పక్కన పెట్టండి, అంటే మొత్తం ఎనిమిది నెలలు. లినక్స్‌తో సర్దుకుందామంటే వాలరెంట్ దాని మీద నడవదు.

కరెంటు ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మానిటర్‌తో కలిపి 300 వాట్ల చొప్పున రోజుకు మూడు గంటలు ఆడితే నెలకు 27 యూనిట్లు. గదిలో యూనిట్‌కు ఇంత అని యజమాని వసూలు చేస్తుంటే ముందే మాట్లాడుకోండి. కంప్యూటర్‌ను కరీంనగర్ ఇంటికి చేర్చే ఉద్దేశం ఉండి, ఆ ఇంటికి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తిస్తుంటే ఇంకాస్త జాగ్రత్త అవసరం. 200 యూనిట్లు దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది, వేసవిలో ఈ 27 యూనిట్లే ఆ గీత దాటించవచ్చు.

ఎనిమిదో నెల తర్వాత ఆ 9,000 బదిలీని ఆపవద్దు. ముందు మీరు వాడుకున్న 14,000, ఆపైన తక్కువగా ఉన్న 11,000 కలిపి 25,000 నింపడానికి మూడు నెలలు చాలు. ఈలోగా ఉద్యోగంలో గానీ ఇంట్లో గానీ అనుకోని ఖర్చు వస్తే కార్డు కొనడం వాయిదా వేయండి; కంప్యూటర్ అప్పటికే నడుస్తూ ఉంటుంది, ఎవరికీ కట్టవలసిన వాయిదా ఉండదు.