ఫ్రిజ్ ఫ్రీజర్ కొంటున్నారా? ముందు ఫ్రీజర్ వాటా తేల్చుకోండి

కొత్త దేశంలో కాపురం పెట్టేవాళ్లు ఫ్రిజ్ గురించి మొట్టమొదట అడిగేది ‘ఎన్ని లీటర్లది తీసుకోవాలి?’ అని. మొత్తం లీటర్లు చూసి కొంటే చాలాసార్లు పొరపాటు జరుగుతుంది. ఒకే ఎత్తు, ఒకే వెడల్పు ఉన్న రెండు ఫ్రిజ్‌లు తీసుకోండి, రెండూ దాదాపు 300 లీటర్లే. అయినా ఒకదాంట్లో ఫ్రీజర్ 80 లీటర్లుంటే, పక్కదాంట్లో 130 ఉంటుంది. ఈ రెంటిలో మీ ఇంటికి ఏది కావాలన్నదే అసలు నిర్ణయం. రంగు, తలుపు మీద తెర, వైఫై అన్నీ దాని తర్వాతే చూడండి.

అద్దె ఇల్లయితే ఒప్పందంలో ఫ్రిజ్ ఉందో లేదో ముందు చూసుకోండి. కొన్నిచోట్ల ఇంటితో పాటే ఇస్తారు, కొన్నిచోట్ల వంటింట్లో ఖాళీ గోడలు తప్ప ఏమీ ఉండవు. ఇంటివాళ్ల ఫ్రిజ్ ఉంటే దాన్ని తీసేసి మీది పెట్టుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి కావాలి.

ఇక వాటా సంగతి. కింద ఫ్రీజర్, పైన ఫ్రిజ్ ఉన్న రకాల్లో 70–30, 60–40, 50–50 అనే విభజనలు కనిపిస్తాయి (మొదటి అంకె ఫ్రిజ్ వాటా, రెండోది ఫ్రీజర్ వాటా). రోజూ వండుకుని, రెండు మూడు రోజులకోసారి సరుకులు తెచ్చుకునే ఇంటికి 70–30 చాలు. వారానికో, రెండు వారాలకో ఒకసారి తెచ్చుకుని, సెలవు రోజున ఎక్కువగా వండి డబ్బాల్లో గడ్డకట్టించి పెట్టుకునేవాళ్లకు 50–50 తప్ప ఏదీ సరిపోదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు ఎక్కువగా ఈ రెండో కోవలోకే వస్తాయి. అయినా కొనేటప్పుడు మాత్రం పెద్ద ఫ్రిజ్, చిన్న ఫ్రీజర్ ఉన్నదాన్నే ఎంచుకుంటారు. ఆర్నెల్లు తిరక్కముందే విడిగా ఇంకో చిన్న ఫ్రీజర్ కోసం వెతుకుతారు. రెండు యంత్రాలంటే స్థలమూ రెండింతలు, కరెంటూ ఎక్కువే.

లెక్క ఎలా వేసుకోవాలంటే, మీరు ఫ్రీజర్లో పెట్టే డబ్బాల్ని ఒక వారం పాటు లెక్కపెట్టండి. లీటరు డబ్బాలు 40 ఉంటే 40 లీటర్ల ఫ్రీజర్ చాలనుకోవద్దు. సొరుగుల గోడలు, వాటి మధ్య సందులు, డబ్బా ఆకారం కలిసి మంచి వాటానే మింగేస్తాయి. కాగితం మీద తేలినదానికి సగం కలుపుకుంటే నిశ్చింత. ఫ్రిజ్ వైపు లెక్క వేరు. అక్కడ లీటర్ల కన్నా అరల మధ్య ఎత్తు ముఖ్యం. మీ ఇంట్లో ఫ్రిజ్‌లోకి వెళ్లే అతి పెద్ద గిన్నెను మూతతో సహా కొలవండి: ఎత్తు, పిడులతో కలిపి వెడల్పు, రెండూ. దుకాణానికి ఆ కొలతలూ, టేపూ పట్టుకెళ్లండి. గాజు అరను పైకీ కిందికీ మార్చవచ్చో లేదో చేత్తో తీసి చూడండి. తలుపుకున్న సీసాల అర లోపలికి పొడుచుకొచ్చి గిన్నెకు తగులుతుందేమో కూడా చూడండి. బయట 65 సెంటీమీటర్ల లోతు కనిపించినా, తలుపు మందం, వెనక గోడ పోగా లోపలి అర అంతకంటే బాగా చిన్నది.

భారత్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లను నక్షత్రాలు తికమక పెడతాయి. మన దగ్గర ఫ్రిజ్ మీది నక్షత్రాలు కరెంటు ఆదాకు గుర్తు. చాలా దేశాల్లో ఫ్రీజర్ మీద కనిపించే నక్షత్రాలకు దాంతో సంబంధమే లేదు, అవి చల్లదనానికి గుర్తు. ఒక నక్షత్రం మైనస్ 6 డిగ్రీలు, రెండు మైనస్ 12, మూడు మైనస్ 18. నాలుగు కూడా మైనస్ 18 డిగ్రీలే, కాకపోతే అది తాజాగా పెట్టిన పదార్థాన్ని గడ్డకట్టించగలదు. మూడు నక్షత్రాలది ముందే గట్టిపడ్డ ప్యాకెట్లను నిలవ ఉంచడానికి మాత్రమే. ఇంట్లో వండింది గడ్డకట్టించాలంటే నాలుగు నక్షత్రాలు ఉండి తీరాలి. దాంతోపాటు వివరాల పట్టికలో ‘24 గంటల్లో ఇన్ని కిలోలు’ అన్న అంకె వెతకండి. 4 కిలోలని ఉంటే, ఒకే రోజు 8 కిలోలు కుక్కడం వల్ల కొత్తది నెమ్మదిగా గడ్డకట్టి పెద్ద మంచు పలుకులు ఏర్పడతాయి. కరిగాక పదార్థం నీళ్లోడుతుంది. పక్కనున్న పాతది కూడా మెత్తబడుతుంది.

కరెంటు ఆదాకు వేరే లేబుల్ ఉంటుంది. యూరప్‌లో 2021 మార్చి నుంచి అక్షరాలు మారి ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు అయ్యాయి, ‘ఏ’ అంటే అన్నిటికన్నా పొదుపు. పాత లేబుల్ మీద ‘ఏ’ పక్కన కూడిక గుర్తులున్న ఫ్రిజ్ కొత్త లెక్కలో చాలావరకు ‘ఈ’లోనో, ‘ఎఫ్’లోనో పడుతుంది, కాబట్టి ఆ అక్షరాలు చూసి బెదరక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ అక్షరం పరిమాణానికి తగ్గట్టు ఇచ్చేది. పెద్ద ‘డీ’ ఫ్రిజ్ చిన్న ‘ఈ’ ఫ్రిజ్ కన్నా ఎక్కువ కరెంటు తాగవచ్చు. అందుకే అక్షరాన్ని వదిలి, ఏడాదికి ఎన్ని యూనిట్లు (లేబుల్ మీద kWh) అన్న అంకె చూడండి. ఒకటి 280, ఒకటి 180 అయితే పదేళ్లకు తేడా 1,000 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణిస్తే, ఖరీదైన ఫ్రిజ్ మీద పెట్టే అదనపు డబ్బు తిరిగొస్తుందో లేదో తేలిపోతుంది. అదే లేబుల్ మీద శబ్దం డెసిబెల్స్‌లో ఉంటుంది. వంటిల్లూ హాలూ కలిసి ఉన్న ఇంట్లో, ముఖ్యంగా అక్కడే పడుకునే ఒంటి గది ఇంట్లో, 36 లోపు ఉన్నది తీసుకోండి. 40 దాటితే రాత్రిపూట తెలుస్తూనే ఉంటుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచు పేరుకోని రకం, అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగండి, మంచు విషయంలో మూడు వేర్వేరు అమరికలున్నాయి. పూర్తిగా ఫ్రాస్ట్ ఫ్రీ అయితే రెండు అరల్లోనూ ఫ్యాన్ చల్లగాలిని తిప్పుతుంది. లోపల కనపడని చల్లటి గొట్టాల మీద పేరుకునే మంచును ఒక హీటర్ అప్పుడప్పుడు కరిగిస్తుంది, ఆ నీరు గొట్టంలోంచి వెనకున్న పళ్లెంలోకి జారి ఆవిరైపోతుంది. రెండో రకంలో ఫ్రీజర్ ఒక్కటే ఫ్రాస్ట్ ఫ్రీ. ఫ్రిజ్ వెనక గోడ మీద నీటి బొట్లు, పలచటి మంచు వచ్చి పోతుంటాయి. అది చెడిపోయిన లక్షణం కాదు. మూడోది పాత పద్ధతి, ఫ్రీజర్ మంచును మీరే కరిగించుకోవాలి. చవకే, పదార్థాలు ఎండిపోవడమూ తక్కువే, కానీ మంచు అర సెంటీమీటరు దాటాక కరెంటు ఎక్కువ లాగుతుంది, సొరుగులు ఇరుక్కుంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మొత్తం ఖాళీ చేసే ఓపిక లేకపోతే దీని జోలికి పోవద్దు.

పూర్తి ఫ్రాస్ట్ ఫ్రీలో మరో తేడా ఉంది. కొన్నింట్లో ఒకే చల్లటి గొట్టాల చుట్ట ఉండి, అదే గాలి పైకీ కిందికీ తిరుగుతుంది. ఘాటైన మసాలా వంట ఫ్రిజ్‌లో పెడితే ఫ్రీజర్‌లోని ఐస్ ముక్కలకు కూడా ఆ వాసన పట్టేది ఇందుకే. పై అరకూ కింది అరకూ విడివిడిగా చల్లబరిచే అమరిక ఉంటే గాలి కలవదు, వాసన కలవదు, కూరగాయలు త్వరగా వడలవు. వాసనల పట్టింపు ఉన్న ఇంటికి వైఫై కన్నా ఇదే విలువైనది. అమ్మేవాళ్లను నేరుగా అడగండి: గాలి రెండు అరలకూ వేరువేరా, ఒకటేనా?

చలిదేశాల్లో అందరూ పట్టించుకోకుండా వదిలేసే సంగతి చలి. ఫ్రిజ్‌కు ఎండ చెరుపు అనుకుంటాం గానీ, చల్లటి గది దాన్ని ఇంకా వింతగా దెబ్బతీస్తుంది. ఒకే కంప్రెసర్ ఉన్న చాలా ఫ్రిజ్ ఫ్రీజర్లలో చల్లదనాన్ని కొలిచే పరికరం పైనున్న ఫ్రిజ్‌లోనే ఉంటుంది. గ్యారేజీలోనో, హీటింగ్ లేని వెనక గదిలోనో గది వేడి 6 డిగ్రీలకు పడిపోయిందనుకోండి. ఫ్రిజ్ లోపల కావలసింది దాదాపు అంతే కాబట్టి, ‘చల్లగానే ఉంది’ అని కంప్రెసర్ తిరగడం మానేస్తుంది. దానితోనే చల్లబడాల్సిన ఫ్రీజర్ మాత్రం మెల్లగా కరగడం మొదలుపెడుతుంది. బయట గడ్డకట్టే చలి, లోపల ఫ్రీజర్ మెత్తన! యంత్రం చెడిపోయిందని పారేసేవాళ్లూ ఉన్నారు.

దీనికి మందు వాతావరణ తరగతి. లోపల అంటించిన పలక మీద ఎస్‌ఎన్, ఎన్, ఎస్‌టీ, టీ అన్న అక్షరాలుంటాయి. ఎస్‌ఎన్ అయితే గది వేడి 10 నుంచి 32 డిగ్రీల మధ్య, ఎన్ అయితే 16 నుంచి 32, ఎస్‌టీ 16 నుంచి 38, టీ 16 నుంచి 43. ‘ఎస్‌ఎన్ నుంచి టీ’ అని రాసి ఉంటే 10 నుంచి 43 వరకు తట్టుకుంటుంది. హీటింగ్ ఉన్న వంటింటికి ఏదైనా ఫరవాలేదు. గ్యారేజీలో పెట్టే ఉద్దేశం ఉంటే ఎస్‌ఎన్ కూడా చాలదు. చలి గదిలో పనిచేస్తుందని తయారీదారే ప్రత్యేకంగా రాసిన రకం తీసుకోండి.

కొలతల విషయంలో స్థలం కొలిచి ఊరుకోవద్దు. వీధి తలుపు, మెట్ల మలుపు, లిఫ్టు, వంటింటి గుమ్మం, అన్నీ కొలవండి. 70 సెంటీమీటర్ల గుమ్మంలోంచి 68 సెంటీమీటర్ల ఫ్రిజ్ కాగితం మీది లెక్కలో పట్టేస్తుంది గానీ, అట్టపెట్టె, పిడి, మోసేవాళ్ల వేళ్లు కలిస్తే పట్టదు. మామూలు రకాలు 55 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు, రెండు తలుపులు పక్కపక్కన తెరుచుకునేవి దాదాపు 90. పైనా, వెనకా, పక్కలా ఎంత ఖాళీ వదలాలో పుస్తకంలో ఉంటుంది, ఆ ఖాళీ కలిపే కొలవండి. ఈ రోజుల్లో చాలావాటికి వేడి గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి. ఆ గోడలు చేతికి వెచ్చగా తగలడం మామూలే. వాటిని బీరువాకు ఆనించి పెడితే కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు.

తలుపు ఎటు తెరుచుకోవాలో కూడా చూసుకోండి. చాలావాటికి తలుపును కుడి నుంచి ఎడమకు మార్చుకోవచ్చు. తలుపు మీద తెర, నీటి కుళాయి ఉన్నవాటికి సాధారణంగా కుదరదు. గోడ మూలలో పెడితే తలుపు 90 డిగ్రీల దగ్గరే ఆగిపోయి సొరుగు పూర్తిగా బయటికి రాదు. ఏ కోణానికి సొరుగు వస్తుందో దుకాణంలోనే చేసి చూడండి.

వంటింటి చెక్క తలుపుల వెనక దాక్కునే రకానికి గూడు వెడల్పు సుమారు 56, ఎత్తు సుమారు 178 సెంటీమీటర్లు. పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు చెక్క తలుపు దేనికి బిగించి ఉందో చూడాలి. నేరుగా ఫ్రిజ్ తలుపుకే బిగించేది ఒక పద్ధతి, జారే పట్టీతో కలిపేది ఇంకో పద్ధతి. ఒకదాని స్థానంలో రెండోది తెస్తే చెక్క తలుపు కీళ్లు కూడా మార్చాల్సి వస్తుంది. పై, కింది తలుపులు విడిపోయే గీత కూడా చెక్క తలుపుల గీతతో కలవాలి.

మంచు ముక్కలు చేసే, నీళ్లు పోసే రకాలు కొన్ని సొంత నీటి గొట్టం అడుగుతాయి. వాటి ఫిల్టర్ దాదాపు ఆర్నెల్లకోసారి మార్చాలి, మంచు యంత్రం ఫ్రీజర్‌లో మంచి స్థలం తినేస్తుంది. అద్దె ఇంట్లో ఇది అనవసరం.

దేశం మారేటప్పుడు ఫ్రిజ్ మోసుకెళ్లవద్దు. భారత్, బ్రిటన్, యూరప్‌లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చలేదు, కంప్రెసర్ ఆ తేడాకు తట్టుకోదు. వాడినది కొంటే ప్లగ్ పెట్టి నడుస్తుండగానే చూడండి. తలుపు రబ్బరు చుట్టూ అక్కడక్కడా కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారిపోయిన చోట చల్లదనం కారుతోందని అర్థం. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్600ఏ. అది మంట పట్టే రకం. కాబట్టి మంచును కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవకండి, గొట్టానికి చిల్లు పడితే ప్రమాదం, ఫ్రిజ్ కూడా పోయినట్టే.

ఇంటికి వచ్చాక నిలబెట్టి కనీసం నాలుగు గంటలు ఆగి ప్లగ్ పెట్టండి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఒక రోజు ఆగండి, కంప్రెసర్ నూనె మళ్లీ కిందికి చేరాలి. ముందు కాళ్లు వెనకవాటి కన్నా ఒక పిసరు ఎత్తుంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది. ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లోకే, పొడిగింపు తీగ వద్దు. ఖాళీగా నడవనిచ్చి, బాగా చల్లబడ్డాకే సరుకులు సర్దండి.

తెర మీది అంకెను నమ్మి ఊరుకోకండి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టండి. పొద్దున 5 డిగ్రీలు దాటకూడదు. ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. వండినదాన్ని పెద్ద గిన్నెతో అలాగే పెడితే మధ్య భాగం చల్లబడడానికి గంటలు పడుతుంది, ఈలోగా క్రిములు పెరుగుతాయి. వెడల్పాటి పలచని డబ్బాల్లోకి తీసి, రెండు గంటల్లోపు లోపల పెట్టండి. గాలి వచ్చే రంధ్రాలకు డబ్బాలు ఆనించవద్దు.

కూరగాయల సొరుగు కింద నీళ్లు చేరితే కంగారుపడి మెకానిక్‌ను పిలవకండి. వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయి ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేసి గోరువెచ్చటి నీళ్లు పోయండి. ఫ్రీజర్ బాగానే ఉండి ఫ్రిజ్ మాత్రం వెచ్చబడితే, ఫ్రాస్ట్ ఫ్రీ రకమైతే, లోపలి గొట్టాల మీద మంచు గట్టిపడి గాలి దారి మూసేసి ఉండవచ్చు. ప్లగ్ తీసి తలుపులు తెరిచి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత బాగా పనిచేసి, కొన్ని వారాలకే మళ్లీ అదే వరస అయితే మంచు కరిగించే హీటరో, దాని సెన్సరో పోయింది. అప్పుడు పిలవాల్సిందే. పిలిచేటప్పుడు లోపలి పలక మీది మోడల్, సీరియల్ నంబర్లు రెండూ చెప్పాలి, కాబట్టి సరుకులు సర్దకముందే ఆ పలకను ఫోటో తీసి, రసీదుతో కలిపి దాచుకోండి. అదే నంబర్లతో తయారీదారు దగ్గర నమోదు చేసుకుంటే, లోపం బయటపడి ఆ రకాన్ని వెనక్కి పిలిచినప్పుడు మీకు కబురు అందుతుంది.