వైజాగ్‌కు ఐపీఎల్ జట్టు వస్తే సన్‌రైజర్స్‌ను వదిలేస్తారా?

ఐపీఎల్‌ను 12 జట్లకు పెంచి అందులో ఒకటి విశాఖకు ఇస్తే, ఇన్నాళ్లూ సన్‌రైజర్స్‌ను నెత్తిన పెట్టుకున్న మీరంతా ఏం చేస్తారు అని కదా ప్రశ్న. నా మటుకు నేను సూటిగా చెప్పేస్తాను. నాకు కొత్త జట్టు అక్కర్లేదు. ఈ మాట అన్నందుకు మా ఆఫీసు కుర్రాళ్లు నన్ను ఊరికి ద్రోహం చేసినవాణ్ణి చూసినట్టు చూశారు. చూడనీండి. సన్‌రైజర్స్‌కు ముందు హైదరాబాద్ జట్టైన డెక్కన్ ఛార్జర్స్ పేరు చెబితే సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం అనుకునే వయసు వాళ్లది.

ముందు మా ఊరి పరిస్థితి చెప్పాలి. ఐపీఎల్ దృష్టిలో వైజాగ్ ఒక కల్యాణమండపం. పెళ్లి ఎవరిదైనా హాలు మాత్రం మనది. 2016లో మహారాష్ట్రలో కరువొచ్చి, పిచ్‌లకు నీళ్లు పోయడం మీద వ్యవహారం హైకోర్టుకెక్కింది. దాంతో పుణె వాళ్లూ ముంబై వాళ్లూ మూటాముల్లె సర్దుకుని మా స్టేడియం ఉన్న పీఎం పాలెం వచ్చిపడ్డారు. మే 8న ఇక్కడ ముంబైకి 'సొంతగడ్డ' మ్యాచ్. అవతల ఎవరు? మన సన్‌రైజర్సే. ముంబై 92కి ఆలౌట్. ఆ నెలలోనే పుణె తరఫున ధోనీ, అక్షర్ పటేల్ వేసిన ఆఖరి ఓవర్లో 23 పరుగులు కావాల్సి ఉంటే బాది గెలిపించాడు. పుణె ఇల్లూ ఆ రోజు ఇదే మరి. 2019లో ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్ ఇక్కడ జరిగాయి. 2024లో ఢిల్లీ వాళ్ల గ్రౌండు మహిళల లీగ్ తర్వాత సిద్ధం కాలేదని వాళ్లూ ఇక్కడికే. ఆ మార్చి 31న ఢిల్లీ 'ఇంట్లో' చెన్నైతో ఆడితే స్టేడియం మొత్తం పసుపు రంగే. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై 20 పరుగులతో ఓడింది, జనం మాత్రం పండగ చేసుకుని ఇళ్లకెళ్లారు. చెన్నై మీద ప్రేమ అనుకునేరు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ఆ జులపాల కుర్రాడు 148 బాదింది ఈ గ్రౌండులోనే. అప్పటినుంచీ అతను ఏ చొక్కా వేసుకున్నా మా ఊరివాడే.

అభిమానం అనేది జట్టు పేరుకు అంటుకుంటుందని లీగ్ నడిపేవాళ్లు అనుకుంటారు. పొరపాటు. అది మనుషులకు అంటుకుంటుంది, ఆ తర్వాత చూసిన చోటికి. పేరుకు చిట్టచివర, అదీ ఆ పేరు కొన్నేళ్లపాటు కదలకుండా ఉంటే.

2025 ఉగాది నాటి సంగతి చెప్తాను. ఆదివారం, మధ్యాహ్నం మూడున్నరకు ఢిల్లీతో సన్‌రైజర్స్ మ్యాచ్. ఢిల్లీకి హోమ్, హైదరాబాద్‌కు అవే అని టికెట్ మీద అచ్చేశారు. ఆ టికెట్ కథ వేరే ఉంది. యాప్‌లో అమ్మకం మొదలైన నిమిషానికే నా ముందు వేలమంది ఉన్నారని చూపించింది, పేజీ కదిలేసరికి చవక టికెట్లన్నీ అయిపోయాయి. కౌంటర్ దగ్గర రాత్రంతా నిలబడి కొనుక్కునే రోజుల్లో లాఠీ దెబ్బలు తిన్నా కనీసం మన ముందు ఎవరున్నారో కనపడేవారు. ఇప్పుడు వాళ్లు మనుషులో యంత్రాలో కూడా తెలియదు.

సరే, పొద్దున్నే పచ్చడి తిని, పులిహోర బొబ్బట్లు లాగించి, మేనల్లుణ్ణి తీసుకుని బయల్దేరాను. వాడికి పదేళ్లు. ఆరెంజ్ జెర్సీ, వెనక నితీశ్ పేరు. మద్దిలపాలెంలో బస్సెక్కితే హనుమంతవాక దాటాక ఇక నడకే నయం అనిపించే ట్రాఫిక్. హైవే పక్కన జెర్సీలు అమ్మేవాడు నీలం, ఆరెంజ్ రెండూ ఒకే తాడుకు వేలాడదీశాడు. ఏది ఎక్కువ పోతోందని అడిగితే, "ఆరెంజండి. నీలం మిగిలిపోద్దేమో" అన్నాడు. ఢిల్లీ హోమ్ మ్యాచ్‌లో సంగతి ఇదీ.

మా పక్క సీటులో రిటైరైన పెద్దాయన ఒకరు. నెత్తి మీద తడి తువ్వాలు, చేతిలో ఢిల్లీ జెండా. ఎందుకండీ అంటే, "ఆలు మనూరికొచ్చి ఆడతన్నారు, మర్యాదుండొద్దా" అన్నారు. న్యాయంగానే ఉంది. సన్‌రైజర్స్ ముందు బ్యాటింగ్. అభిషేక్ శర్మ రనౌట్. కాసేపటికి ఇషాన్ కిషన్‌ను ఢిల్లీ బౌలర్ స్టార్క్ పంపించేశాడు. అప్పుడు వచ్చాడు నితీశ్ కుమార్ రెడ్డి. మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టి వచ్చాక సొంత ఊళ్లో అతను ఐపీఎల్ ఆడటం చూడాలని వచ్చినవాళ్లమే సగం మంది. పెద్దాయన ఢిల్లీ జెండాను చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డారు. "మన గాజువాక కుర్రోడు బాబూ. ఆల నాన్నకి ఉదయ్‌పూర్ ట్రాన్స్‌ఫరైతే, పిల్లాడి ఆట పాడైపోద్దని ఉజ్జోగమే వొదిలేసేడు" అని మా వాడికి చెప్తున్నారు. ఆ మాట పూర్తయిందో లేదో, అదే ఓవర్లో నితీశ్ సున్నాకి అవుట్.

మా స్టాండ్‌లో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. నీలం జెర్సీలవాళ్లు అలవాటుగా అరవబోయి ఆగారు. పెద్దాయన కూర్చుని, తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "ఢిల్లీ గెలవాలి గానీ ఇలాగ కాదు" అన్నారు. మా వాడు నన్ను పట్టుకుని, "మావయ్యా, మనం ఇప్పుడు ఇంట్లో ఆడుతున్నామా, బయట ఆడుతున్నామా?" అన్నాడు.

వాడికి చెప్పాల్సింది ఇంకా ఉంది. అప్పుడు ఢిల్లీ డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ ఎవరు? మన వేణుగోపాలరావు, పక్కా వైజాగ్. జట్టులో సగం వాటా ఉన్న జీఎంఆర్ వాళ్లది ఎక్కడ? రాజాం. అవతల సన్‌రైజర్స్ యజమానులది చెన్నై. యజమానిని బట్టి లెక్కేస్తే ఢిల్లీ ఉత్తరాంధ్ర జట్టు, హైదరాబాద్ తమిళ జట్టు. ఇది విని మా వాడు స్టార్క్ అయిదు వికెట్లు తీస్తున్నంతసేపూ ఎటు చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేక పాప్‌కార్న్ మీద పడ్డాడు. అనికేత్ వర్మ అని అప్పటిదాకా ఎవరికీ పెద్దగా తెలియని కుర్రాడు 74 కొట్టి పరువు కాపాడాడు. 163 దగ్గర ఆగారు. ఢిల్లీ 7 వికెట్లతో గెలిచేసింది, అదీ 16 ఓవర్లలోనే.

జట్టు పేరును నమ్ముకోకూడదని నాకు తెలిసొచ్చింది మాత్రం 2012లో. ఏప్రిల్ 9, సోమవారం, ఇదే గ్రౌండు, డెక్కన్ ఛార్జర్స్‌కీ ముంబైకీ మ్యాచ్. సంగక్కర కెప్టెన్, స్టెయిన్ లాంటి బౌలర్ ఉన్నాడు, అయినా మనవాళ్లు కొట్టింది 138. ఆఖరి బంతికి ముంబైకి మూడు కావాలి. బౌలర్ డాన్ క్రిస్టియన్. క్రీజులో రోహిత్ శర్మ. సిక్స్. ఓడింది మన జట్టు, అయినా స్టేడియంలో ఆ గోల చూడాలి! రోహిత్ వాళ్లమ్మగారిది విశాఖ. పైగా 2010 దాకా అతను ఛార్జర్సే, 2009లో ఇదే ముంబై మీద హ్యాట్రిక్ కూడా తీశాడు. వేలంలో చేతులు మారాడంతే. కుర్రాడు ఎటు పోతే అటు చూశాయి మా కళ్లు.

అక్కడికి అయిదు నెలలు తిరిగేసరికి ఛార్జర్స్ జట్టే లేదు. బోర్డు రద్దు చేసింది, సన్ టీవీ వాళ్లు వేరే జట్టు కొన్నారు, పేరు మారింది, రంగు మారింది. 2009లో గిల్‌క్రిస్ట్ గెలిపించిన కప్పు కొత్త జట్టు ఖాతాలోకి రాదట. 2016 కప్పు ఒక్కటే లెక్కట. మరి 2009లో రాత్రిళ్లు టీవీ ముందు మేల్కొన్న మేం ఎవరి అభిమానులం? ఎవరైనా మాకు ఒక ఉత్తరం ముక్క రాశారా? జెర్సీలు కొన్నది మేమే కదా!

జట్లు పెంచడం అంటే అందుకే నాకు చిరాకు. 2011లో పది చేశారు. కొచ్చి ఒక్క సీజనుకే మూటకట్టేసింది, పుణె వారియర్స్ మూడు సీజన్లకు. చెన్నై, రాజస్థాన్ సస్పెండైనప్పుడు రెండేళ్ల ఒప్పందానికి పుణె, గుజరాత్ జట్లు తెచ్చి, గడువు తీరగానే తీసేశారు. రాజ్‌కోట్‌లో ఆ గుజరాత్ లయన్స్ చొక్కా కొనుక్కున్న పిల్లాడు ఇప్పుడేం చేస్తున్నాడో. 2021లో లక్నో జట్టును 7,090 కోట్లకు, అహ్మదాబాద్ జట్టును 5,625 కోట్లకు అమ్మారు. ఆ లెక్కన వైజాగ్ జట్టును కొనేవాడు ఎవడొస్తాడు, వచ్చినవాడు ఆ డబ్బు ఎవరి దగ్గర రాబడతాడు? మన టికెట్ దగ్గరే.

పైగా జట్లు పెరిగిన కొద్దీ ఆట తగ్గుతుంది. ఎనిమిది జట్లున్నప్పుడు అందరూ అందరితో రెండేసి సార్లు ఆడేవారు, అదీ 14 మ్యాచ్‌లే. పది జట్లయ్యాక కూడా మ్యాచ్‌లు 14 దగ్గరే ఉంచారు. దాంతో గ్రూపులు, గడులు, తలా అయిదు జట్లతో రెండుసార్లు, మిగతా నాలుగింటితో ఒక్కసారి. ఎవరితో ఎవరు రెండుసార్లు ఆడాలో కప్పులు, ఫైనళ్ల లెక్క చూసి 2022లో తేల్చారు. పక్కపక్క ఊళ్ల పోటీ అనే మాట ఎవరికీ గుర్తురాలేదు. 12 జట్లు చేసి పూర్తిగా ఆడిస్తే లీగ్ దశకే 132 మ్యాచ్‌లు. ఆడించరు. మళ్లీ గ్రూపులే. గ్రూపులు తప్పదంటే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, వైజాగ్ ఒక వైపు పెట్టండి, అప్పుడు ఆలోచిస్తాను. రైలెక్కి పోయి చూసే మ్యాచ్ అదే కదా అసలు.

కబడ్డీలో ఇదంతా ఒకసారి అయిపోయింది. 2014లో తెలుగు టైటాన్స్ పుట్టినప్పుడు ఇల్లు మా విశాఖే. తర్వాత హైదరాబాద్ పోయింది, మధ్యమధ్య చుట్టపుచూపుగా వచ్చింది. 2017లో నాలుగు జట్లు కలిపి 12 చేసి, రెండు జోన్లు పెట్టి, మూడు నెలలు లాగారు. ఆఖరికి చూసేవాళ్లే అలసిపోయారు. 2019కి జోన్లు ఎత్తేశారు. ఆ ఏడాదే టైటాన్స్ స్టార్ రాహుల్ చౌదరి తమిళ్ తలైవాస్‌కు పోయాడు. 2025 ఆగస్టు 29న సీజన్ మా ఊళ్లోనే మొదలైంది, టైటాన్స్ మీద తలైవాస్ 38-35తో గెలిచింది. అవతల జట్టులో ఎవరు? అంతకుముందు సీజన్లో మనకు కెప్టెన్‌గా ఉన్న పవన్ సెహ్రావత్. ఇన్ని సీజన్లలో టైటాన్స్ ఒక్క కప్పు తేలేదు. అయినా మా బావ ఒక్క మ్యాచ్ వదలడు. అడిగితే తిడతాడు.

సొంత జట్టు మోజు తీరాలంటే ఆంధ్రా ప్రీమియర్ లీగ్ ఉందిగా. 2022లో వైజాగ్ వారియర్స్, ఉత్తరాంధ్ర లయన్స్ అని రెండు జట్లు ఒకే జనానికి. మధురవాడవాడు ఎటు ఉండాలి? 2025కల్లా ఆ రెండు పేర్లూ లేవు, సింహాద్రి వైజాగ్ లయన్స్ వచ్చింది. మా ఆఫీసులో కొత్త ఐపీఎల్ జట్టు కావాలని గొంతు చించుకునే కుర్రాళ్లలో ఈ జట్టు కెప్టెన్ పేరు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

నాకు కావలసింది చిన్నది. 2015లో సన్‌రైజర్స్ తమ హోమ్ మ్యాచ్‌లు మూడు ఇక్కడ ఆడారు. అది ఏటా జరగాలి. 2025లో హైదరాబాద్ క్రికెట్ సంఘంతో ఉచిత పాసుల గొడవ ముదిరి హైదరాబాద్ వదిలిపోతామని వాళ్లు అన్నప్పుడు, ఆంధ్రా క్రికెట్ సంఘం విశాఖ రమ్మని పిలిచిందని పేపర్లలో వచ్చింది. మొత్తం జట్టును లాక్కోవడం నాకు ఇష్టం లేదు, ఉప్పల్ వాళ్ల ఉసురు మనకెందుకు. మూడు మ్యాచ్‌లు చాలు. తేదీలు ముందే చెప్పాలి, సగం టికెట్లు ఊళ్లో కౌంటర్ల మీద అమ్మాలి, టికెట్ మీద 'హోమ్' అని అచ్చేసినప్పుడు అది మనదై ఉండాలి.

ఇవేవీ వినకుండా కొత్త జట్టే ఇచ్చారనుకోండి. నితీశ్‌ను అందులో వేస్తే మా మేనల్లుడు ఆ సాయంత్రమే జెర్సీ మారుస్తాడు, వాడి వయసుకు అదే సబబు. నేను మాత్రం అయిదేళ్లు చూస్తాను. అదే పేరు, అదే రంగు, పీఎం పాలెంలోనే ఆడుతుంటే అప్పుడొక చొక్కా కొంటాను, అదీ హైవే పక్కన తాడుకు వేలాడేదే.