కంది పూలపై ఎరుపు, పసుపు పట్టీల బ్లిస్టర్ బీటిల్: రెండు ఉపజాతులేనా?

కంది పూలపై దొరికిన బ్లిస్టర్ బీటిల్స్ (తాకితే బొబ్బలెక్కించే పురుగులు) రెండు ఉపజాతులా అన్నది మీ ప్రశ్న. ఎరుపు పట్టీలవి ఒకటి, పసుపు పట్టీలవి ఇంకొకటి అని రంగును బట్టి విడదీశారు, చిక్కంతా అక్కడే. మైలాబ్రిస్ పుస్టులేటా అనే బ్లిస్టర్ బీటిల్ జాతిలో పట్టీల రంగు పసుపు నుంచి ఎరుపు దాకా మారుతుంది. పైగా ఆల్కహాల్‌లో ఉంచితే రంగు వెలిసిపోతుంది. ఫోటో చూసి ఉపజాతి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి.

1. చేతి తొడుగులు, ఫోర్సెప్స్ తప్పనిసరి. కాళ్ల కీళ్ల నుంచి కారే ద్రవంలోని కాంథారిడిన్ అనే విషం తగిలితే బొబ్బలెక్కుతుంది.

2. ముందు అది బ్లిస్టర్ బీటిల్ కుటుంబానిదేనని ఖాయం చేసుకోండి: సన్నని మెడ, చీలిన గోళ్లు, ముందు రెండు జతల పాదాలకు ఐదేసి కణుపులు, వెనక జతకు నాలుగు.

3. చాలామంది వదిలేసేది ఇదే: పురుగును వెల్లకిలా తిప్పండి. మధ్య కాళ్ల మొదళ్లకు ముందున్న పలకను లెన్స్‌తో చూడండి. దాని ముందు భాగంలో డాలులాంటి ప్రత్యేక భాగం ఉంటే హైక్లియస్ ప్రజాతి, లేకుంటే మైలాబ్రిస్ ప్రజాతి వైపు వెళ్లండి. పాత పుస్తకాల్లో రెండూ మైలాబ్రిస్ కిందే ఉంటాయి, అందుకే పేర్లు కలగలిసిపోతాయి.

4. జాతి తేలకపోతే మగపురుగు జననాంగం తీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, దానిపై ఉండే కొక్కేల స్థానం చూడండి.

ఉపజాతి మాట ఆ తర్వాతే. ఊరు, తేదీ, మొక్క పేరు లేని నమూనాతో అది తేలదు.